మనుష్యులు పెట్టిన గుర్తు



మా పూతలపట్టు చుట్టుపట్ల పల్లెలలో ఒకప్పుడు చాకలి ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి తప్పక చేర్చేవాడు. ఎన్నో ఇండ్ల పంచెలు, చీరలు ఒక్క రేవులో ఉతికినా కలిసిపోయేవి కావు. ప్రతి బట్ట అంచున నల్లజీడి గింజ రసముతో అతడు పెట్టిన చిన్న గుర్తు ఉండేది. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకొక ఇంటికి ఒక గీత, దానిమీద ఒక చుక్క. ఉబ్బకు వేసినా, బండమీద బాదినా ఆ గుర్తు పోదు. బట్ట చినిగిపోతుంది గాని గుర్తు చెరగదు. గొఱ్ఱెకు రంగు పూసినా, ఎద్దుకు వాత వేసినా, పెండ్లిలో పెట్టిన చెంబుమీద పేరు చెక్కించినా ఉద్దేశము ఇదే. ఇది ఎవరిదో చూడగానే తెలియవలెను.

వస్తువులకు గుర్తు పెట్టుకొనుట అవసరమే. అయితే మనుష్యుడు ఆ జీడి గింజను చేతపట్టుకొని సాటి మనుష్యుని దగ్గరకు వచ్చినప్పుడు ఏమి జరుగుతుంది? ఈ నెల ఈ సంగతిని మీతో కలిసి ఆలోచించవలెనని ఆశపడుచున్నాము. ఇందుకు ఒక పాత అమెరికా నవలను, మన జిల్లాలోని ఒక పాత ఆచారమును ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

ఆ నవల పేరు ‘ద స్కార్లెట్ లెటర్’. మన మాటలో చెప్పితే ‘ఎఱ్ఱని అక్షరము’. వ్రాసినవాడు నెతానియేల్ హాథార్న్. అది 1850లో అచ్చయినది. కథ జరిగిన కాలము అంతకు రెండు వందల ఏండ్ల ముందు, స్థలము బోస్టన్ పట్టణము. ఇంగ్లాండులోని రాజుల సంఘములో ఇమడలేక, బైబిలు ప్రకారము పరిశుద్ధమైన ఊరు కట్టుకొందుమని సముద్రము దాటి పోయిన ప్యూరిటనులు ఆ ఊరి జనము. 1630లో జాన్ విన్‌త్రప్ నాయకత్వమున పెద్ద గుంపుగా వచ్చి వారు అక్కడ కాపురము పెట్టినారు.

చదవని వారి కొరకు కథ క్లుప్తముగా చెప్పుదుము. హెస్టర్ అను యువతిని ఆమె ముసలి భర్త ముందుగా ఆ ఊరికి పంపినాడు. తాను వెనుక వస్తానన్నవాడు రాలేదు. సముద్రములో మునిగిపోయి ఉంటాడని అందరు అనుకొన్నారు. అటువంటి స్థితిలో ఆమెకు ఒక ఆడబిడ్డ పుట్టినది. ఆ ఊరి చట్టము ప్రకారము వ్యభిచారమునకు మరణశిక్ష వేయవచ్చును. పెద్దలు కనికరించినామనుకొని వేరొక శిక్ష వేసినారు. మూడు నెలల బిడ్డను చంకనెత్తుకొని సంత మధ్యనున్న శిక్షావేదికమీద మూడు గంటలు నిలువవలెను. బ్రదికినంత కాలము రొమ్ముమీద ‘ఏ’ అను ఎఱ్ఱని అక్షరము కుట్టిన బట్ట తొడుక్కోవలెను. ఆ దేశపు భాషలో వ్యభిచారమను మాటకు అది మొదటి అక్షరము.

బిడ్డ తండ్రి ఎవరో చెప్పుమని పెద్దలు ఆమెను అడిగినారు. ఆమె నోరు విప్పలేదు. ఆమెను అడుగుమని ఊరి యౌవన బోధకుడైన డిమ్స్‌డేల్‌ను ముందుకు తెచ్చినారు. అతడే ఆ బిడ్డ తండ్రి! ఊరికి ఆ సంగతి తెలియదు. ఏడేండ్లు అతడు ప్రసంగపీఠము ఎక్కి, నేను పాపులలో నీచుడనని సామాన్యముగా చెప్పుచుండెను. అతడు అట్లు చెప్పిన కొలది, ఎంత దీనుడో మన బోధకుడు అని జనము అతనిని ఇంకా ఎక్కువ గౌరవించిరి. మా వంటి సేవకులకు ఆ భాగము అద్దము వంటిది. పాపమును మొత్తముగా ఒప్పుకొనుట సులువు. పేరు పెట్టి ఒప్పుకొనుటకే గుండె కావలెను.

మునిగిపోయినాడనుకొన్న భర్త బ్రదికే ఉన్నాడు. పేరు మార్చుకొని వైద్యుడుగా ఊరిలో చేరినాడు. రహస్యము పసిగట్టి, బోధకుని ఇంటనే చేరి, మందు పేరుతో అతని మనస్సును రోజూ కెలికినాడు. ఆడదానికి గుర్తు తగిలించిన ఊరు ఈ మనిషికి ఏ గుర్తూ తగిలించలేదు. అతడు మర్యాదస్థుడు. ఇరుగుపొరుగు రహస్యములు త్రవ్వి త్రవ్వి ఆనందించే మర్యాదస్థులు మన ఊర్లలోను ఉన్నారు గనుక ఈ పాత్రను మనము సులువుగా గుర్తుపట్టగలము.

హాథార్న్ ఈ కథలో వస్తువులతోనే ఎక్కువగా మాట్లాడించినాడు. చెరసాల వాకిట ఒక గులాబి చెట్టు పూసి ఉంటుంది. మనుష్యులు కట్టిన కఠినమైన తలుపు ప్రక్కనే దేవుడు మొలిపించిన పువ్వు. హెస్టర్ మంచి సూదిపని తెలిసినది. తనకు శిక్షగా ఇచ్చిన అక్షరమును ఆమె బంగారు దారముతో అందముగా కుట్టుకొన్నది. తరువాత ఆ సూదితోనే తన పొట్ట పోసుకొన్నది. అధికారుల దుస్తులకు, పసిబిడ్డల టోపీలకు, చనిపోయినవారి వస్త్రములకు కూడ ఆమె చేతి పని కావలసి వచ్చినది. పెండ్లికూతురి ముసుగు మాత్రము ఆమెచేత ఎవరూ కుట్టించుకొనలేదు. ఆమె కష్టము పనికి వచ్చినది, ఆమె మాత్రము శుభకార్యమునకు పనికి రాలేదు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు ఇది బోస్టను కథ కాదు, మన వీధి కథ అనిపిస్తుంది.

ఆమె బిడ్డ పేరు పెర్ల్, అనగా ముత్యము. ఊరి పిల్లలు ఆ బిడ్డను ఆటకు రానిచ్చేవారు కారు. తల్లి రొమ్మున ఉన్నది గుడ్డ అక్షరమైతే, ఆ బిడ్డ నడిచే అక్షరము. తల్లికి వేసిన శిక్షలో బిడ్డ పేరు లేదు. అయినను శిక్ష బిడ్డకు కూడ చేరినది.

ఏండ్లు గడిచినవి. హెస్టర్ రోగుల దగ్గర కూర్చొన్నది, తన్ను తిట్టిన బీదలకే అన్నము పెట్టినది. ఊరివారిలో కొందరు ఆ అక్షరమునకు అర్థము మార్చి చెప్పుకొన్నారు. ‘ఏ’ అనగా సమర్థురాలు అన్నారు. ఒక రాత్రి ఆకాశములో తోకచుక్క వంటి వెలుగు ఆ అక్షరము వలె కనబడగా, ఆ రాత్రే గవర్నరు విన్‌త్రప్ చనిపోయినందున, అది దేవదూత అను మాటకు గుర్తు అన్నారు. అక్షరము అదే, గుడ్డ అదే. చూచువారి కన్ను మారినది. గుర్తునకు అర్థము గుర్తులో లేదని, చూచేవారి మనస్సులో ఉన్నదని ఈ నవల మనకు చూపే పెద్ద సత్యము.

కడపట బోధకుడు పండుగ ప్రసంగము ముగించి, అందరి యెదుట ఆ శిక్షావేదిక ఎక్కి, తల్లిని బిడ్డను చేయి పట్టుకొని, సత్యము ఒప్పుకొని అక్కడనే ప్రాణము విడిచినాడు. కొందరు ఈ కథ చదివి, చూచినారా, అవమానము ఆమెను మంచిదానిగా చేసినది అంటారు. మేము అట్లు అనుకొనము. ఆమెను నిలబెట్టినది ఆమె ఓర్పు, ఆమె చేసిన పరిచర్య. ఊరు పెట్టిన గుర్తు వలన మేలు కలిగినదని చెప్పుట, బావిలో త్రోసినవాడు ఈత నేర్పినాడని చెప్పినట్లుండును.

ఇది కట్టుకథే గదా అని కొందరు అనుకొనవచ్చును. మూలము కట్టుకథ కాదు. ప్లిమత్ వలసలో 1658లో చేసిన చట్టము, వ్యభిచార దోషులు రెండు అక్షరములు కత్తిరించి పైబట్టమీద, చేతిమీదనో వీపుమీదనో కుట్టుకొనవలెనని చెప్పినది. మసాచుసెట్స్‌లో 1694లో చేసిన చట్టము ‘ఏ’ అను అక్షరము రెండంగుళముల పొడవు ఉండవలెనని కొలత కూడ చెప్పినది. హాథార్న్ వంశములోనే ఈ చరిత్ర ఉన్నది. 1692లో సేలంలో మంత్రగత్తెలని నేరము మోపి 19 మందిని ఉరితీసినారు, ఒక ముసలివానిని రాళ్లక్రింద నలిపి చంపినారు. ఆ విచారణలు జరిపిన న్యాయాధిపతులలో జాన్ హాథార్న్ ఒకడు. అతడు మన రచయితకు పూర్వికుడు. ఆ న్యాయస్థానములో కూర్చొన్న సామ్యూల్ స్యూవాల్ అను వేరొక న్యాయాధిపతి 1697లో ఒక ఉపవాస దినమున బోస్టనులోని తన సంఘము మధ్య లేచి నిలబడగా, అతడు వ్రాసి యిచ్చిన ఒప్పుకోలును పాస్టరుగారు చదివి వినిపించినారు. ఆ న్యాయస్థానములో అతని వలె బహిరంగముగా నిలబడి నింద తనమీద వేసికొన్న న్యాయాధిపతి ఇంకొకడు లేడు.

ప్యూరిటనులను దుర్మార్గులని కొట్టివేయుట న్యాయము కాదు. బిడ్డలందరు బైబిలు చదవవలెనని బడులు పెట్టినవారు వారే. వచ్చిన ఆరేండ్లకే, 1636లో, ఇప్పుడు హార్వర్డు అని పిలువబడు కళాశాలకు పునాది వేసినారు. వారితో మనకు దూరపు చుట్టరికము కూడ ఉన్నది. ఆ నవల అచ్చయిన మూడేండ్లకు, 1853లో, అమెరికానుండి స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషనును స్థాపించినారు. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో సువార్త పని చేసినది ఆ మిషనే. అది రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందినది. కాల్విను బోధనుండి ప్యూరిటనులు ఎట్లు పుట్టినారో ఆ సంఘము కూడ అట్లే పుట్టినది. సంఘ పెద్దల ఏర్పాటు, ప్రభురాత్రి భోజనమునకు ముందు జీవితమును పరీక్షించుకొనుట, క్రమము తప్పినవారిని విచారించుట అను మంచి అలవాట్లు మనకు ఆ దారిని వచ్చినవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ స్వాస్థ్యమంతయు అందులో కలిసినది. కనుక బోస్టను పెద్దలను మనము వ్రేలు పెట్టి చూపునప్పుడు, ఆ వ్రేలు మన బల్లల వరుస వరకు వచ్చునని మరువరాదు.

ఇప్పుడు మన నేలకు వత్తము.

పాత చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దు వెంబడి పల్లెలలో, మాతమ్మ అను ఆచారము ఉన్నది. పెద్దలకు తెలియని సంగతి కాదు. దళితవాడలో ఒక ఆడబిడ్డకు జ్వరము వచ్చి తగ్గదు. చేతిలో డబ్బు లేదు, ఆసుపత్రి దూరము. తల్లిదండ్రులు భయపడి, ఈ బిడ్డ బ్రదికితే అమ్మవారికి వదలుతామని మ్రొక్కుకొంటారు. బిడ్డ బ్రదుకుతుంది. గుడి దగ్గర అమ్మవారి పేరట ఆ పసిమెడలో తాళి కడతారు. ఆ దినమునుండి ఆమెకు సొంత పేరు మరుగుపడుతుంది. ఊరికి ఆమె ‘మాతమ్మ’. జాతరలో ఆడవలెను. ఎవరినీ పెండ్లి చేసికొనరాదు. ఈడు వచ్చిన తరువాత ఊరిలోని మగవారు ఆమెను ఎట్లు చూచెదరో వ్రాయనక్కరలేదు. ఆమెకు పుట్టిన బిడ్డలకు తండ్రి ఉన్నాడు గాని తండ్రి పేరు లేదు.

హెస్టర్ రొమ్మున అక్షరము, ఈ బిడ్డ మెడలో తాళి. రెండింటి పని ఒకటే. ఈమె ఎవరో చూడగానే ఊరికి తెలియవలెను. అయితే భేదమును గమనించండి. హెస్టర్ ఎదిగిన స్త్రీ, తెలిసి తప్పిపోయినది. మాతమ్మ చేసిన తప్పు ఏమి? జ్వరము వచ్చుట. అక్కడ ముందు తప్పు, తరువాత గుర్తు. ఇక్కడ ముందు గుర్తు పెట్టి, ఆ గుర్తు చూపించి తప్పు చేయించి, ఆ తప్పునకు ఆమెనే తప్పుపట్టుచున్నారు. ప్యూరిటనులు కూడ ఇంత దూరము పోలేదు.

చట్టము ఊరకుండలేదు. మన జిల్లా మద్రాసు రాష్ట్రములో ఉన్నప్పుడే, 1947లో, స్త్రీలను దేవతలకు అర్పించుటను నిషేధించిన చట్టము వచ్చినది. అటువంటి స్త్రీ చేసికొన్న పెండ్లి ఆచారమును బట్టి చెల్లకపోదనియు ఆ చట్టము చెప్పినది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దీని కొరకు ఏండ్ల తరబడి పోరాడినారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన సొంత నిషేధ చట్టము చేసినది. అయినను 2017లో జాతీయ మానవ హక్కుల కమిషను మన చిత్తూరు జిల్లాలోను తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోను ఈ ఆచారము సాగుచున్నదను వార్తలనుబట్టి రెండు ప్రభుత్వములకు నోటీసు ఇచ్చినది. మొదటి చట్టము తరువాత డెబ్బది ఏండ్లకు ఇంకా నోటీసు ఇవ్వవలసి వచ్చినదంటే, చట్టము తాళిని నిషేధించగలదు గాని ఊరి కన్నును మార్చలేదని అర్థము.

ఊరి కన్ను సంగతి అట్లుండగా, సంఘపు కన్ను సంగతి చూతము. మా పాస్టరేటులోని ఒక పల్లెలో, చెరకు తోటలలో కూలికి పోయే ఒక సోదరి కొన్ని ఏండ్లుగా ఆరాధనకు వచ్చుచుండెను. ఆమె చిన్నతనమున మాతమ్మగా విడువబడినది. బాప్తిస్మము పొందినప్పుడు మెడలోని తాళిని తానే తీసి మా చేతిలో పెట్టినది. ఆమె కూతురు పదవ తరగతి చదివి, తరువాత నర్సు శిక్షణ పొందినది. సంఘములోని ఒక మంచి కుటుంబపు అబ్బాయి ఆ అమ్మాయిని పెండ్లాడుటకు ఇష్టపడినాడు. ఆదివారము పెండ్లి ప్రకటన చదివినాము. ఆరాధన ముగియగానే ఒక సంఘ పెద్ద, మంచివాడే, ప్రార్థనాపరుడే, దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నాడు: “అయ్యగారూ, అబ్బోడి తరఫున అంతా సరే. ఆ పాపకు నాయన పేరేమని రాస్తారు రిజిస్టరులో?”

ఆ ప్రశ్న ఒక్క రిజిస్టరుతో ఆగలేదు. ఆ వారములో ఇంటింట నడిచినది. మాతమ్మ కూతురు మన సంఘములో కోడలైతే రేపు మన ఆడబిడ్డలకు సంబంధములు ఎట్లు వస్తాయి అన్నవారు కొందరు. తల్లి మారినది గాని రక్తము మారునా అన్నవారు కొందరు. అబ్బాయి తల్లి అన్నము మానుకొని కూర్చొన్నది. అమ్మాయి మాత్రము ఎవరినీ ఏమీ అనలేదు. మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, మా అమ్మకు ఇబ్బందైతే ఈ పెండ్లి వద్దులే” అన్నది. చిన్నప్పుడు బడిలో చేరునప్పుడు కూడ ఇదే గడి దగ్గర కలము ఆగినదని ఆ తల్లి మాతో చెప్పినది.

మరుసటి బుధవారము సాయంత్రము ప్రార్థన కూడికలో ఈ మాట మరల లేచినది. మేము జవాబు చెప్పబోవునంతలో ఒక అవ్వ లేచి నిలబడినది. ఎనుబది దాటిన వయస్సు, చదువు లేదు. ఆమె అన్న మాటలు మాకు ఇప్పటికిని చెవిలో ఉన్నవి. “నాయన పేరు యాడుందో మీకెవురికీ తెలీదా? దానికి తాళి కట్టిన పొద్దు నేనాడనే ఉన్నా. తప్పెట కొట్టినోళ్లుండారు, పొంగలి తిన్నోళ్లుండారు. మీ నాయనలుండారు, మా ఆయనుండె. అది ఏడస్తా ఉంటే అందరం జూసినాం. ఒక్కరమన్నా వద్దనింటిమా? ఈ పొద్దు దాని బిడ్డను నాయన పేరు అడగతాండారే, సిగ్గులేదా మనకు?”

ఎవరూ మాట్లాడలేదు. పైన ఫ్యాను శబ్దము మాత్రము వినబడినది. కొంత సేపటికి ఆ సంఘ పెద్దే లేచి, “ప్రార్థన చేసుకుందాం అయ్యగారూ” అన్నాడు. మిగిలిన ప్రకటనలు చదివినాము. పెండ్లి జరిగినది. అందరి మనస్సులు మారినవని చెప్పుట అబద్ధమగును. రెండు కుటుంబములు విందుకు రాలేదు. అబ్బాయి తల్లి మాత్రము వచ్చినది, ముందు వరుసలో కూర్చొన్నది. ఇప్పుడు ఆమె మనుమరాలిని చంకనెత్తుకొని గుడికి వచ్చేది ఆమెయే.

ఆ అవ్వకు హాథార్న్ పేరు తెలియదు. అయినను ఆ నవల సారమంతయు ఆమె రెండు మాటలలో చెప్పినది. గుర్తు పెట్టబడిన మనిషి ఒక్కతి, గుర్తు పెట్టిన చేతులు అనేకము. ఆ చేతులు మాత్రము లెక్కలోనికి రావు.

లేఖనములు ఈ సంగతిని దాచలేదు. ఆదికాండము 38వ అధ్యాయము పిల్లలకు చెప్పుటకు మనము సిగ్గుపడతాము, కాని పెద్దలు తప్పక చదవవలసినది. తామారు గర్భవతి అయినదని వినగానే ఆమెను బయటికి తెచ్చి కాల్చవలెనని తీర్పు చెప్పినవాడు ఆమె మామ యూదా. ఆమె అతని ముద్రను, దారమును, కఱ్ఱను చూపి, ఇవి ఎవరివో ఆ మనుష్యుని వలననే నేను గర్భవతినైతినని చెప్పి పంపినది. న్యాయాధిపతి తన వస్తువులను తానే గుర్తుపట్టినాడు! తనకంటె ఆమె నీతిమంతురాలని ఒప్పుకొన్నాడు. బోస్టను బోధకునికి ఏడేండ్లు పట్టిన మాటను యూదా ఆ దినమే చెప్పినాడు. యోహాను సువార్త 8వ అధ్యాయములో స్త్రీని ప్రభువు యొద్దకు ఈడ్చుకొని వచ్చినవారి సంగతియు ఇట్టిదే. ధర్మశాస్త్రము, లేవీయకాండము 20:10లో, ఇద్దరిమీదను శిక్ష విధించినది. వారు తెచ్చినది ఒక్కరినే. రెండవవాడు ఎక్కడ?

మత్తయి తన సువార్తను తండ్రుల పేర్ల పట్టికతో ఆరంభించినాడు. ఆ పట్టికలో తామారు ఉన్నది, యెరికో వేశ్య రాహాబు ఉన్నది, మోయాబీయురాలైన రూతు ఉన్నది, ఊరియా భార్యగా ఉండినది ఉన్నది. లోకము పేర్లు కొట్టివేసిన చోట పరిశుద్ధాత్మ పేర్లు వ్రాయించినాడు. రాహాబు కిటికీకి కట్టినది కూడ ఎఱ్ఱని దారమే. బోస్టనులో ఎఱుపు ఊరినుండి వేరుచేయు గుర్తు. యెరికోలో ఎఱుపు ఇంటిల్లిపాదిని కాపాడిన గుర్తు. కయీనుకు దేవుడు వేసిన గుర్తు కూడ అతనిని ఎవరును చంపకుండునట్లు వేసినదే. దేవుడు గుర్తు పెట్టితే కాపాడుటకు పెట్టును.

అయితే సంఘములో క్రమశిక్షణ అక్కరలేదా అని అడుగుదురు. తప్పక కావలెను. క్రమశిక్షణ లేని సంఘము కంచె లేని కయ్య. అయినను క్రమశిక్షణకును ముద్ర వేయుటకును తేడా తెలిసికొనవలెను. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మొదటి మెట్టు, నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు మాటలాడుట. ముద్ర వేయు పని మొదటి మెట్టులోనే రచ్చబండకు చేరును. క్రమశిక్షణ తప్పు చేసిన ఇద్దరినీ అడుగును. ముద్ర బలహీనమైన వారినే వెదకును. క్రమశిక్షణకు ఒక గడువు ఉండును. కొరింథులో తప్పిపోయినవానికి ఆ శిక్ష చాలును, అతడు అత్యధిక దుఃఖములో మునిగిపోకుండునట్లు క్షమించి ఆదరించుడని పౌలు రెండవ పత్రిక రెండవ అధ్యాయములో వ్రాసినాడు. ముద్రకు గడువు లేదు, అది బిడ్డలకు, మనుమలకు ఆస్తి వలె దిగును. మన నిర్ణయము ఏది అయినదో తెలిసికొనవలెనంటే ఒక్క ప్రశ్న చాలును: ఈ మనిషి తిరిగి వచ్చుటకు మనము తలుపు ఎక్కడ పెట్టినాము?

మన కుటుంబములకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ప్రార్థించండి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండి. పొరుగింటి బిడ్డ కొరకు కూడ ఇట్లే చేయండి. వారు మన విశ్వాసులు కాకపోయినను ఆటో ఖర్చుకు నూరు రూపాయలు లేక ఒక బిడ్డ జీవితము మ్రొక్కుబడి కాకూడదు. ఏ బిడ్డకైనను ఇటువంటి తాళి కట్టబోవుచున్నారని తెలిసితే, పిల్లల సహాయము కొరకున్న 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. తండ్రి పేరు చెప్పలేని తల్లులను తక్కువగా చూడకండి. పెండ్లి కాని తల్లి, తండ్రి పేరు వెల్లడించకనే తన బిడ్డకు సంరక్షకురాలుగా ఉండవచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయస్థానము ఇంత వరకు వచ్చినప్పుడు దేవుని మందిరము దానికంటె వెనుక ఉండుట తగునా? మన ఇండ్లలో అన్నము తినేటప్పుడు ఇతరుల ఆడబిడ్డల సంగతులు మాటలాడుకొనుచుండగా, మన బిడ్డలు వినుచున్నారని జ్ఞాపకముంచుకొనండి. పెర్ల్‌ను ఆటకు రానివ్వని పిల్లలు ఆ గుణమును తల్లి ఒడిలో తెచ్చుకొనలేదు, తల్లి మాటలలో నేర్చుకొన్నారు.

చివరగా మన ప్రభువును చూడుడి. ఆయనకు కూడ మనుష్యులు ఎఱ్ఱని అంగీ తొడిగించి అపహసించినారు. అందరు చూచునట్లు ఎత్తైన మ్రానుమీద నిలిపినారు. ఆయన తలకు పైగా నేరము వ్రాసిన పలకను మూడు భాషలలో పెట్టించినారు. అక్షరము, ఎఱ్ఱని బట్ట, శిక్షావేదిక, చూచుటకు వచ్చిన జనము, అన్నియు అక్కడ ఉన్నవి. ఏ తప్పును లేనివాడు ఆ గుర్తును ధరించినాడు. ఊరి గవినివెలుపల నిలిచిన ప్రతి స్త్రీ ప్రక్కన ఆయన ముందే నిలిచి ఉన్నాడు. ఆయనను ఆరాధించే మనము జీడి గింజ చేతపట్టుకొని ఏ వైపున నిలబడగలము?

నల్లజీడి మరక ఏ రేవులోను పోదు. గొఱ్ఱెపిల్ల రక్తములో ఉదుకబడిన వస్త్రమునకు మాత్రము ఏ మరకయు నిలువదు. ఆ రేవు మనకు తెలిసియుండగా, తోటివారి బట్టలమీద మరకలు లెక్కపెట్టుట మానుదము. మన మందిరపు గుమ్మము దాటి వచ్చు ప్రతి తల్లిని, ప్రతి బిడ్డను వారి సొంత పేరుతో పిలుచు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.